సున్నా అని రాసిన పేజీ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం దోహా శివారు అల్ వుకైర్‌లో మా ఫ్లాట్ తలుపు తీస్తే ముందు ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా కనపడింది, తర్వాత దాన్ని మోస్తున్న మనిషి కనపడ్డాడు. డబ్బా మూతి కోసేసి, పైన పాత లుంగీ ముక్క కట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పొదివి పట్టుకుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. ముందు పన్ను ఒకటి లేదు. "నేను పోశెట్టిని మేడం. గుర్తు వట్టిన్రా?" అన్నాడు. ఇరవై ఏళ్ళు దాటింది అతన్ని చూసి. గుర్తుపట్టకపోవడమేమిటి, ఈ ఇరవై ఏళ్ళలో కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా ఎక్కడో ఒక మూల అతనేనేమో అని బెదిరిన దాన్ని నేను. లోపలికి రమ్మన్నాను. డబ్బాని సోఫా పక్కన నీడలో పెట్టి, అది కదలడం ఆగేదాకా దాని మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆ డబ్బాలో ఏముందో చెప్పాలంటే నా ఉద్యోగపు తొలి రోజుల గురించి చెప్పాలి. ఆ రోజుల గురించి నేను అంతవరకూ మా ఇంట్లో కూడా పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు మేం ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో రెండు గదుల పాత ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. కింద సామాను రిపేరు కొట్లు, పైన మాలాంటి కొత్త కాపురాలు. మా ఆయన సైట్ ఇంజనీరు. నేను చేపల శాస్త్రం చదువుకుని, పెళ్ళి పుణ్యమా అని దోహాకొచ్చి, చదువుకు తగ్గ పని దొరుకుతుందన్న ఆశ వదిలేసుకున్న మనిషిని. అత్తయ్యగారు భీమవరం దగ్గర పల్లె నుంచి ఆరు నెలల కోసమని వచ్చి వంటిల్లు స్వాధీనం చేసుకున్నారు. ఆవిడ తెచ్చిన ఎండు రొయ్యల డబ్బా తెరిస్తే మెట్ల మీది ఫిలిప్పీన్స్ అమ్మాయి ముక్కు మూసుకుని నవ్వుతూ పరిగెత్తేది. పొద్దున నాలుగున్నరకి లేచి స్నానం, దేవుడికి దీపం, ఆ వెంటనే చింతపండు నానబెట్టడం. ఆ వరస ఒక్కరోజు తప్పేది కాదు. ఏసీ గదిలో చింతపండు సరిగ్గా నానదని ఆవిడ నమ్మకం. గిన్నెని బాల్కనీలో ఎండకి పెట్టేవారు. ఖతార్ ఎండకి అది గంటలో గంజిలా ఉడికిపోయేది. "ఈ దేశంలో చింతపండుక్కూడా ఓపిక లేదు" అనేవారు.

ఆవిడ ఊరికే రాలేదు. అంతకు ముందు నాకు రెండు కడుపులు నిలవలేదు. మూడోది నిలిచింది కాబట్టి కాపలా కాయడానికి వచ్చారు. నాకు నాలుగో నెల పడేసరికి ఇంట్లో చెయ్యకూడని పనుల జాబితా మా అద్దె కాగితం కంటే పొడుగైంది. మా ఆయన కొబ్బరికాయ కొట్టకూడదు. ఇంట్లో ఎవరూ బల్లిని కూడా చీపురుతో తొయ్యకూడదు. కడుపుతో ఉన్న ఇంట్లో ప్రాణం తీస్తే కడుపులోని ప్రాణం చూస్తూ ఊరుకోదట. రొయ్యల చెరువుల మధ్య పుట్టి, పీతల పులుసు వాసనకే భోజనానికి కూర్చునే మనిషి, ఆ ఆరు నెలలూ చేపల్ని బజారులోనే కోయించుకొచ్చేవారు, ప్రాణం తీసే పాపం అంగడివాడి ఖాతాలోకి పోయేట్టు. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే అన్నీ పాటించేదాన్ని. రెండుసార్లు ఆసుపత్రి నుంచి ఖాళీ చేతుల్తో వచ్చిన ఆడదానికి శాస్త్రమూ, మూఢనమ్మకమూ ఒకే గుమ్మంలో నిలబడే చుట్టాలు. బయటినుంచి రాగానే ఆవిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి, గుప్పెడు కల్లుప్పు నా పొట్ట చుట్టూ మూడుసార్లు తిప్పి బకెట్ నీళ్ళలో వేసేవారు. ఉప్పు కరిగితే దిష్టి కరిగినట్టే. ఆ కరిగే నీళ్ళ వైపు ఇద్దరం కాసేపు చూస్తూ ఉండేవాళ్ళం.

పని మాత్రం అనుకోకుండా దొరికింది. మా ఆయన కంపెనీకి అనుబంధంగా ఉన్న ఒక సంస్థ దోహాకి దక్షిణాన, తోటల చుట్టుపక్కల నీటి గుంటల్లో ఏ చేపలున్నాయో లెక్కపెట్టే సర్వే తీసుకుంది. ఈ ఎడారి దేశంలో చేపలేమిటని మా చుట్టాలందరూ అడిగారు. ఉన్నాయి. వేలెడంత కూడా లేని చేపలు, ఉప్పునీళ్ళలోనూ మంచినీళ్ళలోనూ బతికేవి, దోమపిల్లల్ని తిని పెరిగేవి. తీరమంతా ఈ జాతి ఉంది. కానీ అల్ వుకైర్ అవతల ఒక పాత ఖర్జూరం తోట వెనక, రెల్లు పెరిగిన గుంట ఒకటుండేది. అందులోవి సముద్రంతో సంబంధం తెగి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. మగవాటి తోక అంచు పచ్చగా, నూనెలో వేగిన పసుపు రంగులో ఉండేది. మా సూపర్‌వైజర్ సూడాన్ ఆయన, మితభాషి, ఈ తోక తాను మరే గుంటలోనూ చూడలేదని నాతో ఒకటికి పదిసార్లు అన్నాడు. ఆయన భయమంతా బయటినుంచి వచ్చే వాటి గురించి. జనం ఇళ్ళల్లో గాజు తొట్టెల్లో పెంచుకుని, విసుగొస్తే గుంటల్లో పారబోసేవి. వాటిలో క్రేఫిష్ అంటే ఆయనకి నిద్ర పట్టదు. రొయ్యకీ పీతకీ పుట్టినట్టుండే ప్రాణి అది, ఈ నేలది కాదు, గుంటలో పడితే చేప గుడ్లని మిగల్చదు. ఒక్కటి కనపడినా మంచుపెట్టెలో వేసి చంపాలి, రిజిస్టర్‌లో రాయాలి, అదే రోజు ఫోన్ చెయ్యాలి. మిగతా నియమాలన్నీ ఇంగ్లీషులో చెప్పి ఈ మూడూ మాత్రం వేళ్ళు ముడుస్తూ అరబ్బీలోనూ చెప్పాడు.

నాకు సాయంగా లేబర్ క్యాంప్ నుంచి ఇచ్చిన మనిషి పోశెట్టి. నిర్మల్ జిల్లా, గోదావరి ఒడ్డు ఊరు. గంగపుత్రుల ఇంట్లో పుట్టి వల తప్ప మరోటి ఎరగనివాడు, ఇక్కడికొచ్చి షట్టరింగ్ చెక్కలు మోస్తుంటే, చేపల పనికి మనిషి కావాలనగానే చెయ్యెత్తాడట. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని నేను మురిసిపోయాను. నా తెలుగు అతనికీ, అతని తెలుగు నాకూ మొదటి వారం సగమే అర్థమయ్యేది, అది వేరే సంగతి. పొద్దున ఆరింటికల్లా గుంట దగ్గర ఉండేవాళ్ళం. ముందు రోజు సాయంత్రం తీగ బుట్టల్లో ఖుబ్జ్ రొట్టె ముక్కలు వేసి నీళ్ళలో దించడం, పొద్దున తియ్యడం, తెల్ల ఎనామిల్ పళ్ళెంలో చేపల్ని పోసి లెక్కపెట్టి మళ్ళీ నీళ్ళలో వదలడం. ఉప్పూ కుళ్ళిన రెల్లూ కలిసిన ఆ గుంట వాసనకి నాకు వేవిళ్ళు తిరగబెట్టేవి. పోశెట్టికి ఒక పద్ధతి ఉండేది. మొదటి బుట్టలో మొదట చేతికి తగిలిన చేపని పళ్ళెం దాకా రానివ్వడు. రెండు చేతుల్తో నీళ్ళకి తాకించి వదిలేస్తాడు. "తొలి శాప గంగమ్మది మేడం. ఆమెకియ్యకుంట మనమెట్ల ముట్టుకుంటం?" అనేవాడు. ఈ చేపలన్నీ ఎలాగూ తిరిగి నీళ్ళలోకే వెళతాయి కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. రిజిస్టర్‌లో మాత్రం రోజూ ఒకటి కలిపి రాసేదాన్ని, గంగమ్మ వాటా కూడా లెక్కలోకి రావాలి కదా.

ఒకరోజు పొద్దున మొదటి బుట్టలో మొదట వచ్చింది చేప కాదు. బుట్ట నీళ్ళలోంచి లేవగానే లోపల టకటకమని చప్పుడైంది. జానెడు పొడుగు, నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు, రెండు పెద్ద గోళ్ళు. పోశెట్టి దాన్ని వీపు పట్టుకుని తిరగేసి చూపించాడు. తోక కింద గుత్తులు గుత్తులుగా గుడ్లు, జొన్న గింజల్లా. కొన్నిటిలో అప్పటికే నల్లటి చుక్కలు కనపడుతున్నాయి. అవి కళ్ళు. లోపలి పిల్లలకి కళ్ళొచ్చేశాయి. మంచుపెట్టెలో వెయ్యమన్నాను. అతను కదల్లేదు. ఆ మనిషి నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"నాతోని గాదు మేడం. మా ఇంట్ల ఆమె నీళ్ళోసుకున్నది, మూడో నెల. కడుపుతోనున్నదాన్ని ఎట్ల సంపుత?"

సరే, నేనే వేస్తానని బకెట్‌తో సహా అందుకున్నాను. మంచుపెట్టె మూత తీశాను. బకెట్ లోపల దాని గోళ్ళు ప్లాస్టిక్ మీద టకటకలాడుతున్నాయి. తోకని పొట్ట కిందికి ముడుచుకుంది, ఆ గుడ్ల మీదికి. మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. చదివిన చదువు ఏం చెప్పాలో అది చెప్పింది. దాని కంటే గట్టిగా నా కడుపు చెప్పింది. నా అదృష్టం బాగుండి ఆ రోజు సూపర్‌వైజర్ లేడు, నా దురదృష్టం కొద్దీ కూడా ఆయన లేడు. "వదిలెయ్యండి" అన్నాను. పోశెట్టి నా మొహంలోకి ఒకసారి చూసి, బకెట్ తీసుకెళ్ళి, గంగమ్మకి ఇచ్చినట్టే నీళ్ళకి తాకించి వంపేశాడు. గట్టు మీద తోట కాపలా మనిషి బీడీ కాలుస్తూ చూశాడు. నేను రిజిస్టర్ తెరిచి, బయటి జాతులు అన్న గడిలో సున్నా రాశాను. చక్కగా గుండ్రంగా వచ్చింది. ఫోన్ చెయ్యలేదు.

ఆ సాయంత్రం గుమ్మంలో అత్తయ్యగారు ఉప్పు తిప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ భయపడి మళ్ళీ ఇంకో గుప్పెడు తిప్పారు. ఎవరి దిష్టి తగిలిందే అని అడిగారు. చెప్పలేదు.

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా గుంటలో క్రేఫిష్ పిల్లలు బుట్టలకి పడడం మొదలైంది. మొదట ఐదారు, తర్వాత బుట్ట నిండా. చేపలు ఒక్కో వారానికి తగ్గుతూ వచ్చాయి. ఉన్నవి కూడా తోకలు తెగి, ఒంటికన్నుతో. సూపర్‌వైజర్ గుంట చుట్టూ తిరిగేవాడు, ఏదో పారేసుకున్నవాడు వెతికినట్టు. కాపలా మనిషిని అడిగాడు. వాడు అబద్ధం చెప్పలేదు పాపం, చూసిందే చెప్పాడు: ఫలానా రోజు మీ వల మనిషి బకెట్‌లోంచి ఏదో పోశాడని. మమ్మల్ని ఆఫీసుకి పిలిచారు. టేబుల్ మీద రిజిస్టర్ తెరిచి ఉంది, నా సున్నా పేజీ. ఆయన నన్ను అడిగాడు, ఆ రోజు బుట్టల్లో బయటి జాతి ఏదీ పడలేదని నువ్వు రాశావు, అంటే ఇతను క్యాంపులో వండుకోవడానికి బయటినుంచి తెచ్చి ఇక్కడ పోశాడన్నమాట, నువ్వు చూశావా అని. నా పొట్టలో బిడ్డ అప్పుడే తన్నింది. నేను చూడలేదన్నాను.

పోశెట్టి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఇంగ్లీషు అతనికి రాదు, కానీ అర్థం కానిదేమీ లేదు. నా మొహం చూశాడు, నా పొట్ట చూశాడు, తర్వాత నేల చూశాడు. "మై హీ డాలా, సాబ్" అన్నాడు. నేనే పోశానని. అది నిజమే. అందుకే ఆ నిజం వెనకాల నా అబద్ధం అంత సుఖంగా దాక్కుంది. ఆ వారమే అతన్ని సర్వే నుంచి తీసేసి, బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకి పంపి మళ్ళీ చెక్కలు మోసే డ్యూటీలో వేశారు. ఆఖరి రోజు బుట్టలు అప్పజెప్పడానికి గుంట దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చాడని తెలిసింది. నేను ప్రసవానికి సెలవు పెట్టాను. మా అమ్మాయి పుట్టింది, బంగారంలా, ఏ లోపమూ లేకుండా. మళ్ళీ ఆ ఉద్యోగానికి నేను వెళ్ళలేదు. పిల్లని చూసుకోవాలని అందరికీ చెప్పాను, అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత ఏడాది ఆ గుంటలో పచ్చతోక చేప ఒక్కటి కూడా పడలేదని విన్నాను. కొన్నాళ్ళకి తోట అమ్ముడుపోయింది, గుంట పూడ్చారు, ఇళ్ళు లేచాయి. ఇప్పుడు మేముంటున్న ఫ్లాట్ దానికి పది నిమిషాల నడక. ఇల్లు వెతికేటప్పుడు మా ఆయన అల్ వుకైర్ అంటే నేను వద్దనలేకపోయాను, ఎందుకు వద్దో చెప్పాలి కదా. గుంట ఉన్న చోట ఒక బేకరీ, దాని పక్కన లాండ్రీ ఉన్నాయి. సాయంత్రాలు ఆ వైపు నడిస్తే కాల్చిన రొట్టె వాసన వస్తుంది, నాకు మాత్రం దాని అడుగునుంచి ఉప్పూ కుళ్ళిన రెల్లూ వాసన కొడుతుంది. అప్పటి దోహాలో ఒక చివర నిలబడితే రెండో చివర ఎడారి కనపడేది. ఇప్పుడు ఎటు చూసినా దీపాలే, మెట్రో, మాల్స్. మా అమ్మాయికి ఇదే ఊరు, ఆమె ఇక్కడ బడిలో పిల్లలకి పాఠాలు చెబుతుంది. అప్పటికంటే ఇప్పుడు అన్నీ ఎక్కువే ఉన్నాయి, నేనే ఒప్పుకుంటాను. కానీ వంటింట్లో ఏ స్టీలు గిన్నెలోనో చెంచా కదిలితే ఆ టకటక వినపడుతుంది. అత్తయ్యగారు పోయే ముందు ఆసుపత్రి మంచం పక్కన ఏదో మిషను అదే చప్పుడు చేస్తుంటే నర్సుని పిలిచి ఆపమన్నాను. అది ఆపే మిషను కాదంది.

ఇంతకీ శుక్రవారం నాటి డబ్బా. మా అమ్మాయి టీ తెచ్చింది. పోశెట్టి ఆమె వైపు కాసేపు తేరిపార చూసి, "గప్పుడు మీ కడుపులున్నది ఈ బిడ్డేనా?" అని అడిగాడు. తన బిడ్డ నిజామాబాద్‌లో నర్సుగా చేస్తోందట. తను క్యాన్సల్ పెట్టుకున్నాడట, అంటే వీసా వదులుకుని పూర్తిగా ఇంటికి. మంగళవారం విమానం. అప్పుడు డబ్బా మీది గుడ్డ విప్పాడు. నీళ్ళలో వేలెడంత లేని చేపలు, ఇరవై దాకా. మగవాటి తోకల అంచు పసుపు పచ్చగా మెరుస్తోంది. డబ్బా పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

ఆఖరి రోజు బుట్టలు తియ్యడానికి వెళ్ళినప్పుడు మిగిలిన చేప పరకల్లో కొన్నిటిని తన తాగేనీళ్ళ డబ్బాలో వేసుకుని క్యాంపుకి పట్టుకెళ్ళాడట. పాడైపోయిన ఫ్రిజ్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్ళు పోసి, ఉప్పు కలిపి అందులో పెంచాడు. దోమలు తగ్గాయని క్యాంపులో ఎవరూ అడ్డు చెప్పలేదు. క్యాంపు మారినప్పుడల్లా డ్రమ్ములో వేసుకుని వెంట తీసుకెళ్ళాడు. ఎన్ని క్యాంపులు మారాడో లెక్క చెప్పలేకపోయాడు. ఇప్పుడు ఊరికి విమానంలో తీసుకెళ్ళలేడు, క్యాంపు పిల్లలకి అప్పజెబితే వారంలో పోతాయి, అందుకని మా భీమవరం వైపు డ్రైవర్ల చేత నా అడ్రసు వెతికించాడు.

ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అప్పుడు అడిగాను. ఆ రోజు ఆఫీసులో నిజం ఎందుకు చెప్పలేదు, వదలమన్నది నేనే కదా అని. మా అమ్మాయి ట్రే పట్టుకుని అక్కడే ఉంది, నేను ఆగలేదు.

"మాట మీదే గని, చెయ్యి నాది మేడం. ఇద్దరం గల్సి జేసినం. మీరు గప్పుడు రెండు పానాల మనిషి, మీకు కడుపు నిలవడుడు కష్టమాయె." టీ గ్లాసు కింద పెట్టి, "ఇవిటిని సచ్చిపోనియ్యకున్రి" అన్నాడు.

అతను వెళ్ళాక మా అమ్మాయికి అంతా చెప్పాను. ఆమె కోప్పడితే బాగుండేది. డబ్బా పక్కన కూర్చుని చేపల వైపే చూసింది.

ఆదివారం ఇప్పుడు సర్వే చేస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఒక కేరళ అమ్మాయి, మా అమ్మాయి ఈడుది. ఫోన్‌లో తీసిన ఫొటో చూపిస్తే కుర్చీలోంచి లేచి నిలబడింది. ఈ గుంట చేపలు లేవనే అందరూ అనుకుంటున్నారట. కంప్యూటర్‌లో పాత రికార్డు తీసి చూపించింది. గుంట నాశనానికి కారణం అన్న చోట ఒకే వాక్యం ఉంది: పనివాళ్ళు తినడానికి తెచ్చి వదిలారు. ఈ వాక్యాన్ని ప్రతి కొత్త బ్యాచ్‌కీ శిక్షణలో చదివి వినిపిస్తారని, అందుకే క్యాంపుల నుంచి మనుషుల్ని సర్వేకి తీసుకోరని ఆ పిల్ల మామూలుగా చెప్పింది. ఒక సున్నా ఇన్నేళ్ళుగా ఎంతమంది చేతుల్లోంచి పని లాక్కుందో నాకు తెలీదు. చేపల్ని బుధవారం వచ్చి తీసుకెళతామని, ఈలోగా ఎక్కణ్ణుంచి వచ్చాయో రాయమని ఒక ఫారం ఇచ్చింది.

సోమవారం పొద్దున వంటింట్లో కూర్చుని రాశాను. తోట, బుట్ట, గుడ్లు, మంచుపెట్టె, సున్నా. వదిలినవారు అన్న చోట నా పేరు, కాపాడినవారు అన్న చోట పోశెట్టి పేరు, ఊరు, జిల్లా. ఇరవై ఏళ్ళ క్రితం ఒక్క వాక్యంలో అయిపోయే పని, ఇప్పుడు మూడు పేజీలైంది. అతను విమానం ఎక్కకముందే తెలియాలని ఫోన్ చేశాను.

"పోశెట్టి గారూ, రాసిచ్చేస్తున్నాను. వదలమన్నది నేనేనని, మీరు ఏమీ తేలేదని రాశాను" అన్నాను. గారు అనడం అదే మొదటిసారి. అవతల ఎవరో సామాను కడుతున్న చప్పుడు వినపడింది.

"నీళ్ళల్ల ఉప్పేసిన్రా మేడం?" అన్నాడు. "పిడికెడు. మరవకున్రి."

మర్చిపోయాను. ఫోన్ పెట్టేసి అత్తయ్యగారి కల్లుప్పు జాడీ దించి, గుప్పెడు తీసుకుని డబ్బా దగ్గర కూర్చున్నాను. చేపలు పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. అలవాటుగా చెయ్యి డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగింది, ఆ తర్వాత ఉప్పు నీళ్ళలో వదిలి, అది కరిగేదాకా చూస్తూ కూర్చున్నాను.